ఆఫీసు పార్టిషన్లలో కరెంటు వైరింగ్: ఎలా చేయాలి, ఎలా సరిచూసుకోవాలి

చిన్న ఆఫీసు పెట్టుకున్నవాళ్లు, ఫిట్‌అవుట్ పనులు చూసుకునే అడ్మిన్ వాళ్లు, కొత్తగా పనిలోకి దిగిన ఎలక్ట్రీషియన్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "వర్క్‌స్టేషన్లు వచ్చేశాయి, ఫర్నిచర్ వాళ్లు బిగించేస్తున్నారు, వాటిలోకి కరెంటు ఎలా తీసుకెళ్లాలి?" గోడలో వైరింగ్ చేయడం అందరికీ తెలుసు. పార్టిషన్ దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ఎందుకంటే అది గోడ కాదు. ఇనుము, అల్యూమినియం ఫ్రేము. మనుషులు రోజంతా దానికి మోచేతులు ఆనించి కూర్చుంటారు. ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు దాన్ని జరుపుతారు.

అందుకే ఈ పనిలో మిగతా అన్నింటికన్నా ఎర్తింగ్ మీద ఎక్కువ రాస్తున్నాను. ఓపికగా చదవండి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక మామూలు కేసు తీసుకుందాం. ఎదురెదురుగా మూడేసి సీట్లు, మొత్తం ఆరు సీట్ల గుంపు. టేబుల్ ఎత్తులో రేస్‌వే (వైర్లు పోయే కాలువ) ఉంది. ఒక్కో సీటుకి రెండు యూపీఎస్ సాకెట్లు, ఒక రా పవర్ సాకెట్ (యూపీఎస్ లేకుండా నేరుగా మెయిన్ కరెంటు వచ్చేది), రెండు డేటా పాయింట్లు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఇప్పుడు ఎక్కువగా వేస్తున్నది ఇదే.

ముందు చట్టం సంగతి

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం ఈ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి, అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. లైసెన్సులు ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. "ఆరు సాకెట్లే కదా" అని ఫర్నిచర్ బిగించే కుర్రాడితో వైర్లు లాగించకండి. మీరే ఎలక్ట్రీషియన్ అయితే కింద చెప్పినట్టు చేయండి. ఆఫీసు చూసుకునేవారైతే పక్కన నిలబడి చేయించండి, చివర్లో చెప్పిన పరీక్షలు మీ కళ్లముందు జరిగేలా చూసుకోండి.

వైరింగ్‌కి ఐఎస్ 732, ఎర్తింగ్‌కి ఐఎస్ 3043, సాకెట్లకి ఐఎస్ 1293, పీవీసీ వైర్లకి ఐఎస్ 694. ఈ నాలుగు నంబర్లు గుర్తుంటే సామాను కొనేటప్పుడు, బిల్లు చూసేటప్పుడు చాలు.

ఏమేం కావాలి

- 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 1100 వోల్టుల గ్రేడు, మంటని పాకనివ్వని, పొగ తక్కువ వచ్చే రకం. ఫేజుకి ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఏదో ఒకటి, న్యూట్రల్‌కి నలుపు, ఎర్త్‌కి ఆకుపచ్చ.
- రెండు ఆర్‌సీబీఓలు (లోడు మించినా, కరెంటు ఎర్త్‌లోకి లీకైనా దానంతట అదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్‌లు): 16 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లు, సీ కర్వ్, టైప్ ఏ. ఒకటి యూపీఎస్ డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో), ఒకటి రా పవర్ డీబీలో. రెండూ ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి తెంచే రకమే కావాలి.
- షట్టర్ ఉన్న 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్లు, ఐఎస్ఐ గుర్తుతో. యూపీఎస్ వాటికి వేరే రంగు తీసుకోండి, చాలాచోట్ల ఎరుపు వాడతారు.
- నేల లేదా గోడ జంక్షన్ బాక్స్ నుంచి పార్టిషన్ దాకా పీవీసీ పూత ఉన్న స్టీలు ఫ్లెక్సిబుల్ పైపు, దానికి సరిపడే గ్లాండ్లు (పైపు చివర్లని బిగించి పట్టేవి).
- రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచుకి తొడిగేవి), రింగ్ లగ్గులు, స్టార్ వాషర్లు, ఫెర్రూల్ నంబర్లు (వైరు చివర గుర్తుకోసం తొడిగే నంబరు రింగులు).
- మల్టీమీటరు, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు), క్లాంప్ మీటరు, సాకెట్ టెస్టర్.

స్క్రూడ్రైవర్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పనిలోకి దిగొద్దు. అది వెలగలేదంటే కరెంటు లేదని కాదు.

1. లోడు లెక్క, లీకేజీ లెక్క

ల్యాప్‌టాప్ అడాప్టర్ 65 వాట్లు, 24 అంగుళాల మానిటర్లు రెండు కలిపి 60 వాట్లు. పైన మరికాస్త కలిపి సీటుకి 200 వాట్లు వేసుకోండి. ఆరు సీట్లకి 1200 వాట్లు, అంటే 230 వోల్టుల మీద 5 ఆంపియర్ల పైచిలుకు. 16 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఇది చాలా తేలిక.

అందుకే చాలామంది "ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదా" అని పన్నెండు సీట్లు, పద్దెనిమిది సీట్లు ఒకే సర్క్యూట్ మీద వేసేస్తారు. ఇక్కడే తప్పుతుంది లెక్క. ప్రతి కంప్యూటరు, ప్రతి మానిటరు లోపలి ఫిల్టర్ ద్వారా కొద్దిగా కరెంటుని ఎర్త్‌లోకి వదులుతూనే ఉంటుంది. అది లోపం కాదు, తయారీయే అంత. డెస్క్‌టాప్‌కి ఒక మిల్లీఆంపియరు, మానిటర్‌కి అర చొప్పున రెండింటికీ ఒకటి అనుకోండి, ఆరు సీట్లకి 12 అవుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ 15 దాటినప్పటి నుంచి ఎప్పుడైనా పడిపోవచ్చు. పద్దెనిమిది సీట్లు వేస్తే రోజూ పొద్దున అందరూ సిస్టమ్‌లు ఆన్ చేసే వేళకి ట్రిప్ అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఆర్‌సీబీఓ తీసేసి, లీకేజీని పట్టించుకోని మామూలు ఎంసీబీ పెట్టి వెళ్లిపోతారు. ప్రాణం కాపాడే వస్తువు అలా మాయమవుతుంది. ఆరు సీట్లకి ఒకటి. ఖర్చు కోసం దీన్ని మాత్రం తగ్గించకండి.

2. ఫేజు నిర్ణయం

ఒక గుంపులోకి ఒకే ఫేజు రావాలి. పక్కపక్క సాకెట్లలో ఒకటి ఆర్ (ఎరుపు) ఫేజు, ఒకటి వై (పసుపు) ఫేజు అయితే వాటి మధ్య 400 వోల్టులు ఉంటాయి. యూపీఎస్ ఏ ఫేజు మీద ఉందో కనుక్కుని రా పవర్ కూడా దానిమీదే ఇవ్వగలిగితే మంచిది. కుదరకపోతే రెండింటికీ వేరువేరు బాక్సులు, వేరువేరు ప్లేట్లు పెట్టండి. ఒకే బాక్సులో కలపొద్దు.

3. పార్టిషన్ దాకా తీసుకురావడం

మూడు దార్లు ఉన్నాయి. నేలలో పైపు వేసి గుంపు కింద జంక్షన్ బాక్స్ పెట్టడం అన్నిటికన్నా మేలు. నేల తవ్వనివ్వని అద్దె భవనమైతే ఫాల్స్ సీలింగ్ నుంచి అల్యూమినియం పోల్ దించుకోండి. గుంపు గోడకి ఆనుకుని ఉంటే గోడ బాక్స్ నుంచి నేరుగా తీసుకోవచ్చు.

ఏ దారైనా, జంక్షన్ బాక్స్ నుంచి పార్టిషన్ లోపలికి వెళ్లే ముక్క స్టీలు ఫ్లెక్సిబుల్ పైపులోనే ఉండాలి, రెండు చివర్లా గ్లాండుతో బిగియాలి, మీటరు మించకూడదు. ఆ పైపునే ఎర్త్‌గా లెక్కపెట్టొద్దు. లోపల ఆకుపచ్చ వైరు విడిగా ఉండాల్సిందే.

అమెరికాలో చిన్న ఆఫీసులు నడుపుకుంటున్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 605వ ఆర్టికల్ ఆఫీసు పార్టిషన్ల కోసమే ఉంది. విడిగా నిలబడే పార్టిషన్‌కి ప్లగ్గుతో కరెంటు ఇస్తే ఆ కార్డు రెండు అడుగులు మించకూడదు. వైరు 12 గేజ్ లేదా అంతకన్నా మందం ఉండాలి. ప్లగ్గు పెట్టే సాకెట్ పార్టిషన్‌కి అడుగు లోపే ఉండాలి, ఆ సర్క్యూట్ మీద వేరే లోడు ఉండకూడదు. అలాంటి గుంపులో 15 ఆంపియర్ల సాకెట్లు 13కి మించకూడదు. మన దగ్గర ఇంత వివరంగా పాటించేవాళ్లు తక్కువ. కానీ పొట్టి కార్డు, విడి సర్క్యూట్ అనే రెండూ ఎక్కడైనా పాటించదగ్గవే.

4. రేస్‌వే సిద్ధం చేయడం

వైరు వేయకముందు రేస్‌వే అంతా వేలితో తడమండి, చేతికి గ్లవ్ వేసుకుని. రంధ్రాలు కోసిన చోట అంచు బ్లేడులా ఉంటుంది. ఆకురాయితో రుద్ది, ప్రతి రంధ్రానికీ గ్రోమెట్ వేయండి. గ్రోమెట్ లేని రంధ్రంలోంచి వైరు లాగితే ఆ రోజు ఏమీ కాదు. బల్ల కదిలినప్పుడల్లా ఇన్సులేషన్ కొంచెం కొంచెం తెగుతుంది.

పవర్, డేటా ఒకే రేస్‌వేలో పోతుంటే మధ్యలో మెటల్ అడ్డుపట్టీ ఉండాలి. రెండూ దాటుకోవాల్సిన చోట ఒకదానికొకటి లంబంగా, అడ్డంగా దాటించండి. పక్కపక్కనే పొడవునా పోనివ్వొద్దు. రేస్‌వేలో నలభై శాతం మించి నింపొద్దు.

5. వైర్లు లాగడం

యూపీఎస్‌కి మూడు, రా పవర్‌కి మూడు, మొత్తం ఆరు వైర్లు. న్యూట్రల్ రెండింటికీ నలుపే కాబట్టి లాగేటప్పుడే రెండు చివర్లా ఫెర్రూల్ వేయండి. తర్వాత వేద్దాం అనుకుంటే కలిసిపోతాయి. ఎర్త్ వైరు ఫేజు వైరు సైజులోనే ఉండాలి, ఇక్కడ 2.5. ఎర్త్‌కి 1 లేదా 1.5 వేసి డబ్బులు మిగుల్చుకునేవాళ్లని చూస్తుంటాను. ఒప్పుకోకండి.

రేస్‌వే మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కూడా ఉండకూడదు. జాయింటు అంటూ ఉంటే అది సాకెట్ బాక్సులోనే ఉండాలి, మూత తీస్తే కనబడాలి.

6. ఎర్తింగ్

కొన్నేళ్ల కిందట మాదాపూర్‌లో ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, పార్టిషన్‌కి చెయ్యి తగిలితే జివ్వుమంటోంది." వెళ్లి చూశాను. ఫిర్యాదు చేసిన అమ్మాయి మోచెయ్యి ఆనే చోట, టేబుల్ అంచు పక్కన, ఫ్రేము మీద పెయింటు అరిగిపోయి అల్యూమినియం మెరుస్తోంది. మీటరు ఒక ముల్లు ఆ మెరిసే చోట, ఇంకోటి గోడ సాకెట్ ఎర్త్‌లో పెడితే 108 వోల్టులు చూపించింది. ఆర్‌సీబీఓ మాత్రం పడలేదు. వైరు ఎక్కడా తగల్లేదు, ఇన్సులేషన్ కూడా బాగానే ఉంది.

సాకెట్లు ఒక్కొక్కటీ విప్పుతూ పోతే మూడో దాంట్లో దొరికింది. ఎర్త్ వైరుని సాకెట్ నుంచి సాకెట్‌కి గొలుసులా లూప్ చేశారు. మూడో సాకెట్ టెర్మినల్లో రెండు వైర్లని కలిపి బలవంతంగా దూర్చారు, వాటిలో ఒకటి తెగి పక్కకి వాలి ఉంది. ఆ తర్వాతి మూడు సీట్లకీ, వాటి ఫ్రేముకీ ఎర్త్ లేదు. ఆ మూడు సీట్ల కంప్యూటర్ల ఫిల్టర్లూ వదిలే కరెంటుకి పోయే దారి లేక ఫ్రేమంతా సరఫరా వోల్టేజీలో సగం దాకా లేచి కూర్చుంది. ఆ రోజుకి అది జివ్వుమనడమే. అదే పరిస్థితిలో ఒక అడాప్టర్ లోపల షార్ట్ అయితే పూర్తి 230 వోల్టులు ఫ్రేము మీదికి వచ్చేవి. ఎర్త్ లేదు కాబట్టి ఎంసీబీ పడదు. ఎవరో ఒకరు పట్టుకున్నాకే ఆర్‌సీబీఓ పడుతుంది.

కాబట్టి ఇలా చేయండి:

- ఎర్త్‌ని సాకెట్ టెర్మినల్ మీద లూప్ చేయొద్దు. ప్రతి బాక్సులో కనెక్టర్ పెట్టి, మెయిన్ ఎర్త్ వైరు తెగకుండా సాగేలా చూసి, దాన్నుంచి చిన్న తోక ఒకటి సాకెట్‌కి ఇవ్వండి. రేపు సాకెట్ మార్చినా వెనకున్న సీట్లకి ఎర్త్ పోదు.
- ఫ్రేముకి విడిగా ఎర్త్ ఇవ్వండి. సాకెట్ బాక్స్ స్క్రూ ద్వారా దానంతట అదే అందుతుందిలే అనుకోవద్దు. పౌడర్ కోటింగ్ కరెంటుని పోనివ్వదు. రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, స్టార్ వాషర్ వేసి, రింగ్ లగ్గుతో బోల్టు బిగించండి.
- ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య క్లిప్పులుంటాయి, వాటిలో చాలావరకు ప్లాస్టిక్. ప్రతి జాయింటు దగ్గరా ఆకుపచ్చ వైరుతో ఒక ప్యానెల్‌ని ఇంకో ప్యానెల్‌కి కలపండి. రేస్‌వే మెటల్ మూతకి కూడా.

ఆరు సీట్లకి ఇది గంట పని. కాంట్రాక్టర్ వేరే రేటు అడిగితే ఇవ్వండి.

7. సాకెట్లు బిగించడం

సాకెట్‌ని ఎదురుగా చూస్తే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. వైరు ఇన్సులేషన్ 8, 10 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులన్నీ మెలితిప్పి లోపలికి పంపండి. ఒక్క పోగు కూడా బయట ఉండకూడదు. బిగించాక వైరు పట్టుకుని లాగి చూడండి. వస్తే ఇప్పుడే రావాలి.

16 ఆంపియర్ల సాకెట్ పార్టిషన్‌లో పెట్టొద్దు. పెడితే కెటిల్, రూమ్ హీటర్, వ్యాక్యూమ్ క్లీనర్ అన్నీ అక్కడికే వస్తాయి. హౌస్‌కీపింగ్ వాళ్లకి గోడ మీద విడి సర్క్యూట్‌తో ఒకటి ఇవ్వండి.

8. ఫర్నిచర్ వాళ్లు మూసే ముందు

వాళ్లు చెక్క టైల్స్ బిగించడానికి పొడుగు స్క్రూలు వాడతారు. లోపల వైరు ఎక్కడ పోతోందో వాళ్లకి తెలియదు. వైర్లు పోయే గీత వెంట మార్కర్‌తో గుర్తు పెట్టి, ఏ సైజు స్క్రూ వాడాలో నోటితో చెప్పండి. మూయకముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. వాళ్లు వెళ్లిపోయాకే కింది పరీక్షలు చేయాలి. ముందు చేసేసి, తర్వాత స్క్రూ దిగితే ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు.

9. పరీక్షలు

కరెంటు ఇవ్వకముందు, రెండు ఆర్‌సీబీఓలూ ఆఫ్‌లో, సాకెట్లలో ఏమీ పెట్టకుండా:

ఎర్త్ కొనసాగింపు: డీబీ ఎర్త్ బార్ నుంచి పొడుగాటి వైరు ఒకటి తెచ్చుకోండి. ప్రతి సాకెట్ ఎర్త్ పిన్నుకీ, ప్రతి ప్యానెల్ ఫ్రేముకీ మల్టీమీటరుతో ఓంలు చూడండి. మీటరు లీడ్లదీ తెచ్చుకున్న వైరుదీ నిరోధం ముందే కొలిచి తీసేయండి. 30 మీటర్ల 2.5 రాగి వైరు నిరోధం 0.22 ఓంల చుట్టూ ఉంటుంది. మీకు 2 ఓంలు వచ్చిందంటే ఎక్కడో లూజు ఉంది, వెతకాల్సిందే.

న్యూట్రల్ విడిగా ఉందా: ఒక యూపీఎస్ సాకెట్ న్యూట్రల్‌కీ ఒక రా సాకెట్ న్యూట్రల్‌కీ మధ్య చూడండి. బీప్ రాకూడదు. వస్తే గుంపులో ఎక్కడో నలుపు వైర్లు కలిశాయి.

ఇన్సులేషన్: ఈ వైర్లని ఆర్‌సీబీఓ నుంచి విప్పేసి 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, ఫేజు-న్యూట్రల్ చూడండి. ఒక మెగాఓం కన్నా తక్కువ రాకూడదు. కొత్త వైరింగ్‌కి మామూలుగా చాలా ఎక్కువే వస్తుంది. యూఎస్‌బీ చార్జింగ్ సాకెట్లు పెట్టి ఉంటే మెగ్గర్ వేయకముందు వాటిని తీసేయండి, లేకపోతే కాలిపోతాయి.

కరెంటు ఇచ్చాక:

సాకెట్ టెస్టర్ ప్రతి దాంట్లో పెట్టి చూడండి. "ఒకటి చూస్తే చాలు, మిగతావీ అంతే" అనొద్దు. తర్వాత ఆర్‌సీబీఓ మీది టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడాలి. ఆ బటన్ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ వైరుని కాదు. అందుకే పై ఓంల పరీక్ష తప్పదు.

అన్ని సీట్లూ నిండి సిస్టమ్‌లు నడుస్తున్న రోజు మళ్లీ ఒకసారి వెళ్లండి. క్లాంప్ మీటరుతో లోడు చూడండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి, రెండు మూడు వోల్టులు దాటితే న్యూట్రల్ జాయింటు ఏదో లూజుగా ఉండొచ్చు. గంట తర్వాత సాకెట్ ప్లేట్ల మీద చెయ్యి పెట్టండి. వేడిగా తగిలిన దాన్ని కరెంటు ఆపి విప్పండి.

10. లేబుళ్లు

ఈ పార్టిషన్‌లోకి రెండు చోట్ల నుంచి కరెంటు వస్తోంది. రా పవర్ ఆర్‌సీబీఓ దించినా, భవనం మొత్తం కరెంటు పోయినా, యూపీఎస్ సాకెట్లు బతికే ఉంటాయి. ఇది తెలియక చెయ్యి పెట్టినవాళ్లు ఉన్నారు. రేస్‌వే మూత లోపల "రెండు సరఫరాలు: యూపీఎస్ డీబీ ఫలానా నంబరు, రా డీబీ ఫలానా నంబరు, రెండూ ఆఫ్ చేయాలి" అని తెలుగులోనూ హిందీలోనూ అంటించండి. రేపు విప్పేది ఎవరో మనకి తెలియదు.

మళ్లీ మళ్లీ వచ్చే ఇబ్బందులు

రా సాకెట్‌లో ఏదైనా పెట్టగానే ఆర్‌సీబీఓ పడుతోంది, ఏమీ పెట్టకపోతే నిలుస్తోంది: దాదాపుగా న్యూట్రల్ మారిపోయిన కేసే. ఫేజు ఒక ఆర్‌సీబీఓ నుంచి వెళ్లి, న్యూట్రల్ ఇంకోదానికి తిరిగొస్తోంది. పరికరాన్ని మార్చొద్దు, వైరుని సరిచేయండి.

ఏమీ పెట్టకపోయినా పడుతోంది: సాకెట్లో ఎర్త్ న్యూట్రల్‌కి తగిలి ఉండొచ్చు, లేదా ఫర్నిచర్ స్క్రూ దిగి ఉండొచ్చు. గుంపుని సగానికి విడదీసి ఏ సగంలో ఉందో మెగ్గర్‌తో చూడండి. ఆరు సీట్లని ఒక్కొక్కటిగా విప్పడం కన్నా త్వరగా తేలుతుంది.

వానాకాలంలోనే పడుతోంది: ముందు నేల జంక్షన్ బాక్స్ తెరిచి చూడండి. ఫ్లోర్ కడిగిన నీళ్లు అందులోకి పోతుంటాయి. బాక్స్ మూతకి గాస్కెట్ వేయించండి.

సాకెట్లు చాలక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి ఇంకో బోర్డు: టేబుల్ కింద కాళ్ల దగ్గర ఇది కనబడితే మీ లెక్కలో సాకెట్లు తక్కువ వేశారని అర్థం. అదే సర్క్యూట్ మీద సీటుకి ఇంకో రెండు సాకెట్లు పెంచండి. లోడు పెరగదు, బోర్డులు పోతాయి.

సీట్లు జరిపిన ప్రతిసారీ, ఒక్క ప్యానెల్ జరిపినా, ఫ్రేము ఎర్త్ ఓంలు, న్యూట్రల్ విడిగా ఉందా అన్నది, టెస్ట్ బటన్, ఈ మూడూ మళ్లీ చూడండి. జరపకపోయినా ఏడాదికోసారి చూడండి. టెస్ట్ బటన్ మాత్రం మూడు నెలలకోసారి, ఆదివారం పూట, యూపీఎస్ మీద నడిచేవన్నీ షట్‌డౌన్ చేశాక నొక్కండి. తేదీ డీబీ తలుపు లోపల పెన్నుతో రాసి పెట్టండి.